శిక్షణలో నమూనా తుపాకులు: ప్రయోజనాలు, పరిమితులు, పాటించవలసిన జాగ్రత్తలు

సుబేదారి (హనుమకొండ): పోలీసు సిబ్బంది, ఎన్.సి.సి. క్యాడెట్లు, సాయుధ భద్రతా సిబ్బంది తదితరులకు ఇచ్చే ఆయుధ శిక్షణలో పేలని నమూనా తుపాకులకు ప్రత్యేక స్థానం ఉన్నది. తూటా లేకుండా, శబ్దం లేకుండా, ప్రాణభయం లేకుండా ఆయుధాన్ని చేపట్టే క్రమశిక్షణను అలవరచడమే వీటి ఉద్దేశం. అయితే నమూనా తుపాకీ చేతిలో ఉన్నంత మాత్రాన శిక్షణ సురక్షితం కాదని, శిక్షణ స్థలంలో అసలు ఆయుధం ఒక్కటి కూడా లేకుండా చూసినప్పుడే ఆ భద్రత చేకూరుతుందని గత అనుభవాలు స్పష్టం చేస్తున్నాయి. ఈ అంశానికి సంబంధించిన వివరాలను పాత్రికేయులు, అధికారుల అవగాహన నిమిత్తం ఇక్కడ పొందుపరచడమైనది.

నేపథ్యం

నిజాం ప్రభుత్వ కాలంలో వరంగల్ ఒక సుబాకు ముఖ్యకేంద్రం. ఆ సుబాకు అధిపతియైన సుబేదారు పేరు మీదుగానే సుబేదారి ప్రాంతానికి ఆ పేరు ఏర్పడినది. నేడు కూడా ఈ ప్రాంతం పరిపాలనా కేంద్రంగానే కొనసాగుతున్నది. హనుమకొండ జిల్లా కలెక్టరేట్, కాకతీయ విశ్వవిద్యాలయ ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాల ఇక్కడ ఉన్నాయి. సమీపంలోని అదాలత్ వద్ద 2021 డిసెంబరులో అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ప్రారంభించిన న్యాయస్థానాల సముదాయం ఉన్నది. 2015లో ఏర్పాటైన వరంగల్ పోలీసు కమిషనరేట్ పరిధిలో సుబేదారి పోలీసు స్టేషన్ పనిచేస్తున్నది. నగర శివారున మామునూరులో తెలంగాణ ప్రత్యేక పోలీసు నాలుగవ పటాలం, పోలీసు శిక్షణ కళాశాల నెలకొని ఉన్నాయి.

ఇటువంటి ప్రాంతాలలో ఆయుధం ధరించిన సిబ్బంది నిత్యం జనం మధ్యనే విధులు నిర్వర్తించవలసి ఉంటుంది. విచారణ ఖైదీలను న్యాయస్థానానికి తీసుకువచ్చే ఎస్కార్టు పార్టీ, ప్రముఖుల వెంట ఉండే గన్‌మెన్, ఖజానాకు, బ్యాంకులకు కాపలా ఉండే గార్డు, వీరందరి పక్కనే కక్షిదారులు, విద్యార్థులు, అర్జీలు పట్టుకుని వచ్చిన వృద్ధులు తిరుగుతూ ఉంటారు. ఫైరింగ్ రేంజిలో సిబ్బందికి ఎదురుగా ఉండేది లక్ష్య ఫలకం. విధి నిర్వహణలో ఎదురుగా ఉండేది మనిషి. ఖైదీ పెనుగులాడి నడుముకున్న పిస్తోలుపై చేయి వేస్తే ఏమి చేయాలి, కిక్కిరిసిన వరండాలో తుపాకీ మూతిని ఏ దిశగా ఉంచాలి, ఎప్పుడు ఆయుధం తీయకూడదు అన్న విషయాలను రేంజిలో నేర్పడం సాధ్యం కాదు. వీటిని అసలు తుపాకీతో అభ్యసించడం ప్రమాదకరం. ఈ లోటును పూరించేందుకే నమూనా తుపాకుల వినియోగం ఏర్పడినది.

నమూనా తుపాకీ అనగా ఏమి?

శిక్షణలో ఉపయోగించే పేలని ఆయుధాలు ప్రధానంగా మూడు విధాలు.

మొదటిది పోత నమూనా. గట్టి పాలీయురేతేన్ లేదా రబ్బరుతో అసలు ఆయుధం కొలతల ప్రకారమే దీనిని పోత పోస్తారు. ఇందులో కదిలే భాగం ఏదీ ఉండదు. తూటా పట్టే చాంబర్ ఉండదు, గొట్టంలో రంధ్రం ఉండదు. కావున ఇది ఏ విధంగానూ పేలదు. అసలు ఆయుధానికి ఉద్దేశించిన హోల్‌స్టర్‌లోనే ఇది ఇమడగలదు. అమెరికాలో రింగ్స్ సంస్థ తయారుచేసే నీలిరంగు నమూనాలు, ఏ.ఎస్.పి. సంస్థ తయారుచేసే ఎర్రరంగు నమూనాలు పోలీసు శిక్షణలో ప్రసిద్ధమైనవి. దూరం నుంచి చూసినా ఇది అసలు ఆయుధం కాదని తెలియడమే ఆ రంగుల ప్రయోజనం.

రెండవది నిరుపయోగం చేసిన అసలు ఆయుధం. ఒకప్పుడు వాడుకలో ఉన్న తుపాకీని కాల్పులకు పనికిరాకుండా మార్చి కవాతుకు, పాఠానికి కేటాయిస్తారు. దీనినే డ్రిల్ పర్పస్ ఆయుధం, సంక్షిప్తంగా డి.పి. ఆయుధం అని వ్యవహరిస్తారు.

మూడవది కాల్పులకు వీలులేని, అయితే ట్రిగ్గర్, మ్యాగజైన్ వంటి భాగాలు కదిలే శిక్షణ పరికరం. లేజర్ కిరణంతో గురి ఎక్కడ పడినదో చూపే పరికరాలు ఈ కోవకు చెందినవే. వీటిని తెరపై సన్నివేశాలు ప్రదర్శించే సిమ్యులేటర్లతో జతపరచి వాడుతారు. 1993లో హైదరాబాద్ కేంద్రంగా ప్రారంభమైన జెన్ టెక్నాలజీస్ సంస్థ పోలీసు, సైనిక దళాల కొరకు ఇటువంటి సిమ్యులేటర్లను రూపొందించడం పేర్కొనదగినది.

మన దేశంలో పూర్వం నుంచి ఉన్న పద్ధతి

పేలని ఆయుధంతో శిక్షణ ఇవ్వడం మన దేశానికి కొత్త విషయం కాదు. 1948 నాటి చట్టం ద్వారా ఏర్పడిన నేషనల్ క్యాడెట్ కోర్‌లో తరతరాల విద్యార్థులు డి.పి. రైఫిల్ భుజాన వేసుకునే తొలిసారి కవాతు నేర్చుకున్నారు. ఆపై పాయింట్ టూ టూ రైఫిల్‌తో రేంజిలో కాల్పులు నేర్చుకోవడం క్రమం. వరంగల్‌లో పదవ తెలంగాణ బెటాలియన్ ఎన్.సి.సి. పరిధిలోని క్యాడెట్లకు కూడా డి.పి. అన్న రెండు అక్షరాలు సుపరిచితమే.

పోలీసు శిక్షణలో మస్కెట్రీ పాఠాలు కూడా ఇదే క్రమాన్ని అనుసరిస్తాయి. ఆయుధం భాగాల పేర్లు, విప్పి జోడించడం, పట్టు, గురి, ట్రిగ్గర్ నొక్కే విధానం, ఇవన్నీ తూటా లేకుండానే నేర్పుతారు. నింపడం, ఖాళీ చేయడం వంటివి డమ్మీ తూటాలతో నేర్పుతారు. పాఠానికి ముందు, పాఠం ముగిసిన తరువాత "జాంచ్ శస్త్ర్" ఆదేశంపై ప్రతి ఆయుధాన్నీ తనిఖీ చేయడం తప్పనిసరి. ఖాళీ అని తెలిసిన ఆయుధాన్ని కూడా తిరిగి చూపించమని అడగడమే ఈ తనిఖీలోని అంతరార్థం. పోత నమూనాలు రైఫిల్ కవాతుకు ఉన్న ఈ క్రమశిక్షణను పిస్తోలుకు, రివాల్వర్‌కు, చేతికి చేయి తగిలేంత దగ్గరగా జరిగే ఘటనలకు విస్తరింపజేస్తున్నాయి.

ఏయే అంశాలకు ఉపయోగకరం?

నమూనా తుపాకులు ఈ క్రింది అంశాలలో విశేషంగా ఉపకరిస్తాయి.

హోల్‌స్టర్ నుంచి ఆయుధం తీయడం, తిరిగి ఉంచడం. పొరపాట్లు అధికంగా జరిగే దశలలో ఇది ఒకటి. చొక్కా అంచు, బెల్టు పట్టీ, తొందరపాటు వేలు, వీటిలో ఏది ట్రిగ్గర్‌ను తాకినా ప్రమాదమే. కొత్తగా పిస్తోలు అందుకున్న సిబ్బంది ఈ కదలికను వందలసార్లు అభ్యసించిన తరువాతనే అసలు ఆయుధం చేపట్టడం శ్రేయస్కరం.

ఆయుధాన్ని కాపాడుకోవడం. ఎదుటి వ్యక్తి తుపాకీ లాక్కోబోయినప్పుడు దానిని నిలుపుకునే పట్లు, నిరాయుధుడైన సిబ్బంది ఎదుటివాని ఆయుధాన్ని వదిలించే పట్లు ఇద్దరు మనుషుల మధ్య పెనుగులాటగానే నేర్వవలసి ఉంటుంది. ఇందుకు పోత నమూనా తప్ప వేరు సాధనం తగదు.

అరెస్టు, సోదా, వాహన తనిఖీ, గది ప్రవేశం. ఈ సందర్భాలలో సహచరులు ఒకరి ముందు ఒకరు కదులుతుంటారు. సహచరుని వీపు మీదుగా తుపాకీ మూతి వెళ్లకుండా నడవడం అలవాటు కావాలి.

ఆయుధం వాడకూడని సందర్భాన్ని గుర్తించడం. ఎదుటి వ్యక్తి చేతిలో ఉన్నది సెల్‌ఫోనా, పర్సా, తుపాకీయా అన్నది క్షణంలో నిర్ణయించవలసిన సన్నివేశాలను నటనారూపంలో ఏర్పాటు చేస్తారు. కాల్చకుండా నిగ్రహించుకోవడం కూడా శిక్షణలో ఉత్తీర్ణతగానే పరిగణించబడుతుంది.

వీటితో పాటు తూటాల వ్యయం తగ్గడం, ఫైరింగ్ రేంజి కేటాయింపు కొరకు వేచి ఉండవలసిన అవసరం లేకపోవడం, పోలీసు స్టేషన్ ఆవరణలోనే అభ్యాసం వీలుకావడం పరిపాలనాపరమైన ప్రయోజనాలు.

పరిమితులు

నమూనా తుపాకీ నేర్పలేని విషయాలను కూడా శిక్షకులు గుర్తెరగవలసి ఉన్నది. పోత నమూనాలో ట్రిగ్గర్ కదలదు. కావున వేలి ఒత్తిడిని నియంత్రించడం దానితో రాదు. మ్యాగజైన్ మార్చడం, ఇరుక్కున్న తూటాను తొలగించడం, చాంబర్ ఖాళీగా ఉన్నదని నిర్ధారించుకోవడం వంటివి కూడా దానితో రావు. అసలు ఆయుధం భుజానికి, మణికట్టుకు ఇచ్చే ఎదురుదెబ్బ, చెవులు దిమ్మెరపోయే శబ్దం అందులో లేవు. బరువు కూడా అన్ని నమూనాలలో అసలుతో సరిపోలదు. కావున రేంజిలో జరిగే కాల్పుల శిక్షణకు ఇది పూర్వరంగమే కాగలదు, ప్రత్యామ్నాయం కాజాలదు.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు మరొకటి ఉన్నది. ఏ ఆయుధాన్నయినా నింపి ఉన్నదిగానే భావించవలెనని, కాల్చదలచని దిశగా మూతిని త్రిప్పరాదని, గురి కుదిరే వరకు ట్రిగ్గర్‌పై వేలు ఉంచరాదని, లక్ష్యాన్ని, దాని వెనుక ఉన్నదానిని గుర్తించవలెనని ఆయుధ భద్రతా సూత్రాలు చెబుతున్నాయి. నమూనా తుపాకీతో జరిగే అభ్యాసంలో సాటి మనిషి వైపే ఆయుధాన్ని చూపవలసి వస్తుంది. అంటే అసలు తుపాకీతో ఎన్నడూ చేయకూడని పనినే ఇక్కడ పదేపదే చేయవలసి వస్తున్నది. ఆ అలవాటు గీత దాటి అసలు ఆయుధం వరకు వెళ్లకుండా చూడడంలోనే శిక్షకుని బాధ్యత అంతా ఇమిడి ఉన్నది.

ప్రమాదాలు నేర్పిన పాఠాలు

అమెరికాలో బహిరంగంగా నమోదైన మూడు సంఘటనలు ఇందుకు నిదర్శనం.

2013 ఫిబ్రవరిలో మేరీలాండ్ రాష్ట్రంలోని ఓవింగ్స్ మిల్స్‌లో, మూతపడిన ఒక ప్రభుత్వ కేంద్రం భవనాలలో బాల్టిమోర్ పోలీసు శిక్షణ జరుగుతున్నది. శిక్షకుని వద్ద రంగు గుళ్లు ప్రయోగించే శిక్షణ పిస్తోలు, విధులకు చెందిన అసలు పిస్తోలు రెండూ ఉన్నాయి. శిక్షణ పిస్తోలు అనుకుని ఆయన అసలు దానిని పేల్చగా, శిక్షణ పొందుతున్న ఒక వ్యక్తికి తలపై తూటా తగిలి ఒక కన్ను పోయినది.

2016 ఆగస్టు 9న ఫ్లోరిడా రాష్ట్రంలోని పుంటా గోర్డాలో పౌరులకు పోలీసు పనితీరును పరిచయం చేసే కార్యక్రమంలో కాల్చాలా వద్దా అన్న సన్నివేశాన్ని ప్రదర్శించారు. రివాల్వర్‌లో ఉన్నవి ఖాళీ తూటాలేనని అందరూ భావించారు. అందులో అసలు తూటాలు ఉండడంతో, స్వచ్ఛందంగా ముందుకు వచ్చి ప్రదర్శనలో పాల్గొన్న 73 ఏళ్ల విశ్రాంత గ్రంథాలయాధికారిణి పదుల మంది సమక్షంలో ప్రాణాలు కోల్పోయారు.

2022 ఆగస్టు 4న వాషింగ్టన్ నగరంలోని ఒక గ్రంథాలయంలో భద్రతా సిబ్బందికి లాఠీ వినియోగంపై శిక్షణ ఏర్పాటైనది. శిక్షకునిగా వచ్చిన విశ్రాంత పోలీసు అధికారి వద్ద ఉన్న అసలు తుపాకీ పేలి, శిక్షణకు హాజరైన 25 ఏళ్ల యువతి మరణించినది. ఆనాటి పాఠంతో తుపాకీకి సంబంధమే లేదన్నది గమనార్హం.

ఈ మూడు సంఘటనలలోనూ శిక్షణ పరికరం విఫలమైన దాఖలా లేదు. శిక్షణ స్థలంలోనికి అసలు ఆయుధమో, అసలు తూటాయో ప్రవేశించినది. దానిని తనిఖీ చేయవలసిన వారు తనిఖీ చేయలేదు. ప్రమాదానికి గురైనవారు శిక్షకుని మాటపై నమ్మకముంచి ఎదుట నిలబడినవారే.

పాటించవలసిన నియమాలు

అంతర్జాతీయంగా శిక్షణ సంస్థలు అనుసరిస్తున్న ప్రధాన నియమాలు ఇవి.

శిక్షణ స్థలాన్ని ఆయుధరహిత ప్రదేశంగా ప్రకటించాలి. అసలు తుపాకులు, తూటాలు, మ్యాగజైన్లు, కత్తులు అన్నీ బయటనే అప్పగించాలి. ఈ నియమం శిక్షకులకు, పర్యవేక్షణకు వచ్చే ఉన్నతాధికారులకు, వారి గన్‌మెన్‌కు, ఛాయాగ్రాహకులకు సమానంగా వర్తిస్తుంది. హోదాను బట్టి మినహాయింపు ఇవ్వరాదు.

ప్రవేశానికి ఒకే ద్వారం ఉండాలి. ప్రతి వ్యక్తినీ సోదా చేయాలి. తనను తాను తనిఖీ చేసుకోవడం, జంటగా ఉన్న సహచరుడు తనిఖీ చేయడం, భద్రతాధికారి తనిఖీ చేయడం అన్న మూడు అంచెలు పాటించాలి. తనిఖీ పూర్తయినవారికి రంగు పట్టీ కట్టాలి.

భోజన విరామానికో, ఫోన్ మాట్లాడడానికో బయటకు వెళ్లినవారిని తిరిగి మొదటి నుంచి సోదా చేయాలి. విరామం తరువాత ఏర్పడే అలసత్వాన్ని నివారించేందుకు ఇదే మార్గం.

భద్రతాధికారి శిక్షణ ఇవ్వరాదు. ఆయన బాధ్యత కేవలం పరిశీలన. అభ్యాసంలో పాల్గొంటున్న ఎవరికైనా, కొత్తగా చేరిన కానిస్టేబుల్‌కైనా, ఆపమని కేక వేసే అధికారం ఉండాలి. ఆ కేక వినగానే అందరూ నిలిచిపోవాలి.

శిక్షణ సామగ్రి అంతా ఒకే ప్రత్యేక రంగులో ఉండాలి. ఆ రంగును మరే ఆయుధానికీ వాడరాదు. నమూనాలకు నల్లరంగు వేసి అసలువాటిలా కనిపించేలా చేయడం ఎట్టి పరిస్థితులలోనూ తగదు.

నమూనా తుపాకులను బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో అసలు ఆయుధాల వరుసలో ఉంచరాదు. వాటికి వేరు గది, వేరు రిజిస్టరు, వరుస సంఖ్యలు ఉండాలి. ఇచ్చినవి, తిరిగి వచ్చినవి ఆర్మరర్ లెక్క చూసి సంతకం చేయాలి. బొమ్మే కదా అని లెక్క వదిలితే అది నేరస్థుని చేతికి చేరే అవకాశం ఉన్నది.

అభ్యాసం ముగిసినట్లు స్పష్టంగా ప్రకటించాలి. అసలు ఆయుధాలను అప్పగించిన తరువాత ఆ స్థలంలో తిరిగి ఏ అభ్యాసమూ జరపరాదు. ఇంకొక్కసారి చూపిస్తానన్న మాటే ప్రమాదానికి దారితీస్తుంది.

చట్టం ఏమి చెబుతున్నది?

ఆయుధాల చట్టం, 1959 ప్రకారం పేలుడు పదార్థం లేదా ఇతర శక్తి ద్వారా గుండును వెలువరించేలా రూపొందించిన, లేదా అందుకు అనువుగా మార్చిన ఆయుధమే తుపాకీ. చట్టంలోని 6వ సెక్షన్ అనుకరణ తుపాకీని లైసెన్సు లేకుండా అసలు తుపాకీగా మార్చడాన్ని నిషేధిస్తున్నది. విధి నిర్వహణలో భాగంగా ప్రభుత్వోద్యోగులు, ఎన్.సి.సి. సభ్యులు ఆయుధం కలిగి ఉండడాన్ని, మరమ్మతు చేసినా పనికిరాని పురాతన ఆయుధాలను 45వ సెక్షన్ చట్టం వర్తింపు నుంచి మినహాయిస్తున్నది.

2016 జూలైలో కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ఆయుధాల నియమావళి నమూనా తుపాకీని ప్రత్యేకంగా నిర్వచించినది. గుండును వెలువరించలేని నకళ్లతో పాటు కేవలం శబ్దం, మంట, పొగ వెలువరించేవి, ఖాళీ తూటాలు పేల్చేవి ఆ నిర్వచనం పరిధిలోనికి వచ్చాయి. కావున ప్రైవేటు శిక్షణ సంస్థలు, భద్రతా ఏజెన్సీలు నమూనాలను సమకూర్చుకునే ముందు లైసెన్సింగ్ అధికారిని సంప్రదించడం ఉచితం. అదే నియమావళి తుపాకీ లైసెన్సు కోరే పౌరులకు ఆయుధ భద్రతా శిక్షణను కూడా ఏర్పరచినది.

నమూనాను శిక్షణ స్థలం వెలుపల ప్రదర్శించడం రెండు వైపులా ప్రమాదకరం. దానిని చూపి ప్రాణభయం కలిగించి సొత్తు అపహరిస్తే, 2024 జూలై 1 నుంచి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం అది దోపిడీ నేరమే. మరోవైపు, దానిని పట్టుకున్నవారికే ప్రాణాపాయం కలుగవచ్చు. 2014 నవంబరులో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో అసలును పోలిన ఆటతుపాకీ కలిగి ఉన్న 12 ఏళ్ల బాలుడు పోలీసు కాల్పులలో మరణించాడు. ఆ తుపాకీకి ఉండవలసిన నారింజ రంగు మూతి లేకపోవడం నాడు చర్చనీయాంశమైనది. బ్రిటన్‌లో 2006 నాటి చట్టం అసలును పోలిన అనుకరణ తుపాకుల విక్రయాన్ని పరిమితం చేసినది.

పాత్రికేయుల దృష్టికి

వార్తలలో డమ్మీ అన్న ఒకే మాట పలు అర్థాలలో వాడబడుతున్నది. వీటి మధ్య భేదం పాటించడం అవసరం.

నమూనా తుపాకీ: ఏ విధంగానూ పేలని ప్రతిరూపం.

డి.పి. ఆయుధం: ఒకప్పటి అసలు ఆయుధం. కాల్పులకు వీలు లేకుండా మార్చబడినది.

డమ్మీ తూటా: మందు, ప్రైమర్ లేని తూటా. నింపడం, ఖాళీ చేయడం నేర్పేందుకు వాడుతారు.

ఖాళీ తూటా: మందు ఉండి, ముందు గుండు లేనిది. దీనిని హానిరహితమని వ్రాయడం సరికాదు. దగ్గర నుంచి పేలితే వేడి వాయువు ఒత్తిడి ప్రాణాంతకం. 1984లో అమెరికాలో ఒక నటుడు ఖాళీ తూటా ఉన్న రివాల్వర్‌ను సరదాకు కణతకు ఆనించుకుని పేల్చుకోవడంతో మరణించాడు.

రంగు గుండు: శిక్షణలో దుస్తులపై రంగు మరక వేసే గుండు. దీనిని ప్రయోగించే పరికరం పేలుతుంది. కాబట్టి అది నమూనా తుపాకీ కాదు.

ఆటతుపాకీ, ఎయిర్‌గన్, నాటు తుపాకీ: ఇవి మూడూ వేర్వేరు. నాటు తుపాకీ పేలే ఆయుధమే.

పోలీసులు ఏ వస్తువును స్వాధీనం చేసుకున్నదీ పంచనామాను పరిశీలించి, ఆర్మరర్ లేదా ఫోరెన్సిక్ నిపుణుల అభిప్రాయం వెలువడిన తరువాత వర్గీకరించడం మంచిది. శిక్షణ దృశ్యాల ఛాయాచిత్రాలు ప్రచురించేటప్పుడు అవి నమూనా ఆయుధాలని క్రింద పేర్కొంటే పాఠకులలో అపోహకు తావు ఉండదు.

ముగింపు

ఆయుధ శిక్షణకు వచ్చే ప్రతి కానిస్టేబుల్, ప్రతి క్యాడెట్ వెనుక ఒక కుటుంబం ఉన్నది. శిక్షణకు పంపిన బిడ్డ సాయంత్రానికి క్షేమంగా తిరిగి రావాలన్నది ఆ కుటుంబం ఆకాంక్ష. నమూనా తుపాకీ ఖరీదు స్వల్పం, దానితో కలిగే మేలు అధికం. అయితే ద్వారం వద్ద జరిగే సోదా, విరామం తరువాత తిరిగి జరిగే సోదా, ఉన్నతాధికారి నడుము వద్ద కూడా ఆగని సోదా, ఇవి ఉన్నప్పుడే ఆ మేలు సిద్ధిస్తుంది. శిక్షణ కార్యక్రమాలు నిర్వహించే అధికారులు ప్రతి పాఠానికి ముందు తనిఖీ పట్టికపై సంతకాలు పూర్తయినట్లు స్వయంగా నిర్ధారించుకున్న తరువాతనే ప్రారంభానికి అనుమతించడం అత్యంత ఆవశ్యకం.